దుక్కలాంటి మనిషిని ఫ్లూ ఎందుకు పడగొట్టింది?

పోయిన సంచికలో వానాకాలపు జ్వరాల గురించి రాస్తూ, షుగరూ బొజ్జా రెండూ ఉన్నవాళ్ళు జలుబు జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఒక్క వాక్యం అన్నాను. ఆ వాక్యం పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు, కొందరు కోప్పడ్డారు కూడా. "లావుగా ఉన్నవాళ్ళని అనడం డాక్టర్లకి అలవాటైపోయింది" అని ఒకరు. అనడానికి కాదండీ, వార్డులో చూసిందే రాశాను. ఒకే ప్రశ్న అడిగినవి కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా వారికి 46 ఏళ్ళు. ఐదడుగుల ఆరంగుళాల ఎత్తు, 92 కిలోలు. నాలుగేళ్ళుగా షుగర్ ఉంది, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మొన్న 8.6 వచ్చింది. ఆగస్టులో ఇంటిల్లిపాదికీ ఫ్లూ తగిలింది. పీలగా ఉండే మా బావగారు మూడు రోజుల్లో లేచి షాపుకి వెళ్ళిపోయారు. దుక్కలా ఉండే ఈయనకి మాత్రం న్యుమోనియా అయి ఐదు రోజులు ఆక్సిజన్ పెట్టారు. "అంత మనిషికి ఏమవుతుందిలే" అని మేమే రెండు రోజులు ఆలస్యం చేశాం. ఎందుకిలా జరిగింది? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ "దుక్కలా" అన్న మాటే మీ చేత రెండు రోజులు ఆలస్యం చేయించింది. మన దగ్గర దుక్కలా ఉన్నాడంటే మెచ్చుకోలు, పీలగా ఉన్నాడంటే జాలి. పొలం పనికీ బస్తాలు మొయ్యడానికీ ఆ లెక్క సరిపోతుందేమో గానీ, ఊపిరితిత్తుల దగ్గర పనికిరాదు.

మీవారు వెల్లకిలా పడుకున్నప్పుడు ఎప్పుడైనా గమనించారా, పొట్ట పైకి లేచి ఛాతీ వైపు వాలుతుంది. ఊపిరి పీల్చాలంటే ఛాతీ కిందుండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగాలి. బొజ్జ దాన్ని పైకి నెడుతూ ఉంటుంది. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగం ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా పూర్తిగా విచ్చుకోదు. మామూలప్పుడు అది తెలియదు, మెట్లెక్కితే కాస్త ఆయాసం, అంతే. వైరస్ వచ్చి మిగిలిన భాగంలో నీరు చేరేసరికి వాడుకోవడానికి దాచిపెట్టిన జాగా ఏమీ మిగలదు. మీ బావగారికి ఆ జాగా ఉంది కాబట్టి అదే వైరస్‌ని మూడు రోజుల్లో దులిపేసుకున్నారు.

ఇది ఒక్కటే అయితే ఇంత రాయను. పొట్టలోని కొవ్వు ఊరికే మూటలా పడి ఉండదు. వాపు పుట్టించే రసాయనాలను అది సన్నగా, రోజంతా రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 వాటిలో ఒకటి. మరోపక్క వైరస్‌ని మొదటి గంటల్లో ఆపాల్సిన ఇంటర్‌ఫెరాన్లు ఇలాంటివాళ్ళలో ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. అంటే దొంగ ఇంట్లో దూరేటప్పుడు కుక్క పడుకుంటుంది, దూరాక లేచి ఇంట్లోవాళ్ళనే కరుస్తుంది. నికరాగ్వాలో ఫ్లూ వచ్చిన కుటుంబాలను వెంటబడి చూసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. లక్షణాలున్న పెద్దవాళ్ళలో ఊబకాయులు ఇన్‌ఫ్లుయెంజా-ఎ వైరస్‌ని మిగతావాళ్ళ కంటే 42 శాతం ఎక్కువ కాలం వదులుతూ ఉన్నారు. మీ ఇంట్లో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పుడు తేల్చలేం, ఆ గొడవ పెట్టుకోకండి.

ఇక షుగర్. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే తెల్లకణాలు మందగిస్తాయి, చోటికి చేరడంలోనూ క్రిమిని మింగడంలోనూ. అందుకే వైరస్ వెనకాలే బ్యాక్టీరియా వచ్చి న్యుమోనియా చేయడం వీళ్ళలో ఎక్కువ. జ్వరం వచ్చిందంటే ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ పెరుగుతాయి, అవి ఇన్సులిన్‌ని పనిచేయనివ్వవు, బొజ్జ కొవ్వు వల్ల అది ముందే సరిగా పనిచేయట్లేదు, షుగర్ ఇంకా ఎక్కుతుంది, తెల్లకణాలు ఇంకా మందగిస్తాయి. అందుకే ఇవి రెండూ ఉన్న మనిషికి "షుగర్ ప్రమాదం ఇంత, బరువు ప్రమాదం ఇంత, కలిపితే ఇంత" అని విడివిడిగా లెక్క వేయడం నాకు నచ్చదు. ఒకదాన్ని ఒకటి ఎగదోసుకుంటూ పోతాయి.

ఇదేదో కోవిడ్‌తో పుట్టిన సంగతి కాదు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడే ఐసీయూల్లో భారీకాయులు ఎక్కువగా కనబడుతున్నారని డాక్టర్లు పట్టుకున్నారు. ఊబకాయం దానంతట అదే ఫ్లూని ముదరబెడుతుందని గట్టిగా చెప్పడం అప్పుడే మొదలైంది. కోవిడ్ వచ్చాక లెక్కలు పెద్దవయ్యాయి. 2020 మార్చి నుంచి మే రెండో వారం దాకా ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో కోవిడ్‌తో పోయినవాళ్ళు 23,804 మంది. వాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి షుగర్ ఉంది. అక్కడి జనాభాలో షుగర్ ఉన్నవాళ్ళు చూస్తే నూటికి ఐదుగురే. షుగర్ వాళ్ళు వయసులో పెద్దవాళ్ళు కదా అనొచ్చు. ఆ తేడా సర్దేశాక కూడా టైప్-2 (ఎక్కువమందికి ఉండే రకం షుగర్) వాళ్ళకి ప్రమాదం రెండింతలు ఉంది. అదే దేశంలో కోటీ డెబ్బై లక్షల మంది రికార్డులు తిరగేసిన ఇంకో లెక్క నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. హెచ్‌బీఏ1సీ 7.5 లోపు ఉన్న షుగర్ వాళ్ళకి చావు ప్రమాదం షుగర్ లేనివాళ్ళ కంటే 1.3 రెట్లు, ఆ పైన ఉన్నవాళ్ళకి దాదాపు 2 రెట్లు. మీవారిది 8.6. బరువు ఒక్క నెలలో దిగదు గానీ, ఈ అంకె మూడు నాలుగు నెలల్లో దిగుతుంది. ముందు దాని పని పట్టండి.

ప్రశ్న: నేను లావు కాదు సార్, 66 కిలోలే, ఎత్తు ఐదు ఆరు. కొంచెం పొట్ట ఉంది, షుగర్ ఆరేళ్ళుగా. ఇదంతా లావుపాటి వాళ్ళకి కదా, నాకు వర్తించదు కదా? – కరీంనగర్ నుంచి ఒక టీచరు

జవాబు: వర్తిస్తుంది మాస్టారూ. మీ బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, లెక్క కడితే 23.5. యూరప్ వాళ్ళ పట్టికలో మీరు నిక్షేపంగా ఉన్నట్టు. మన దేశంలో డాక్టర్లు వాడే పట్టికలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఈ తేడా ఎందుకో చెప్పడానికి నాకు ఇష్టమైన కథ ఒకటుంది. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ ఇద్దరూ స్నేహితులు, ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలిస్తే యడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! 2004లో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటోతో సహా లాన్సెట్ పత్రికలో వేసుకున్నారు. మనవాళ్ళ చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి కొవ్వంతా పొట్టలో దాక్కుంటుందని దానికన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండ్‌లో 69 లక్షల మందిని చూసిన మరో లెక్కలో, కోవిడ్‌తో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం బీఎంఐ 23 దగ్గర నుంచే మెట్టు మెట్టుగా పెరుగుతూ పోయింది. 30 దాటాక హఠాత్తుగా మొదలయ్యేది కాదు. చిన్న వయసువాళ్ళలో ఆ పెరుగుదల ఇంకా నిటారుగా ఉంది.

మీరు బరువు తూచుకునే మెషిన్ పక్కనపెట్టి టైలర్ టేపు తీయండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలేసి, పొట్ట లోపలికి లాగకుండా కొలవండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. టేపులో అంగుళాలే ఉంటే ముప్పై ఐదున్నర, ముప్పై ఒకటిన్నర. "నా ప్యాంటు సైజు పదేళ్ళుగా 34 సార్" అని చాలామంది గర్వంగా చెప్తారు. నిజమే, ప్యాంటు మారలేదు, అది కట్టే చోటు మారింది. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు కిందికి జారి బొజ్జ కింద స్థిరపడుతుంది.

ప్రశ్న: మా అత్తగారికి 63 ఏళ్ళు. పదేళ్ళుగా షుగర్, రాత్రి ఇన్సులిన్, పొద్దున మాత్రలు. బాగా ఒళ్ళు. మొన్న దగ్గు, జ్వరం వస్తే "లంఖణం పరమౌషధం" అని రెండు రోజులు ఏమీ ముట్టలేదు, తినట్లేదు కదా అని ఇన్సులిన్ కూడా మానేశారు. మూడో రోజు చూస్తే షుగర్ 380! తిండే లేకుండా అంత షుగర్ ఎక్కడి నుంచి వచ్చింది డాక్టరు గారూ? మళ్ళీ జ్వరం వస్తే ఏం చేయాలి? – ఒక కోడలు, విజయనగరం

జవాబు: ఆవిడ కాలేయంలోంచి వచ్చిందమ్మా. జ్వరం అంటే ఒంటికి యుద్ధం లాంటిది, యుద్ధానికి ఇంధనం కావాలని కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి పోస్తుంది. ఆ ధారని ఆపేది ఇన్సులిన్. దాన్ని ఆపేశారు. కుళాయి తిప్పి వదిలేసి, బయట నుంచి నీళ్ళు పోయట్లేదు కదా తొట్టి ఎందుకు నిండిందంటే ఏం చెప్తాం.

లంఖణం మాట పుట్టిన రోజుల్లో ఇన్సులిన్ లేదు, షుగర్ మాత్రలూ లేవు. అత్తగారి మాట తీసేసినట్టు కాకుండా "డాక్టరు గారు పథ్యం చెప్పారు" అనండి, పథ్యం అంటే ఒప్పుకుంటారు. మందుల సంగతి ఇలా గుర్తుపెట్టుకోండి. రాత్రి వేసే ఇన్సులిన్ జ్వరంలో మానకూడదు, చాలాసార్లు పెంచాల్సి వస్తుంది. ఎంత అన్నది మీ డాక్టర్‌ని ఫోన్లో అడగండి. వాంతులో విరేచనాలో ఉండి నీళ్ళు కూడా నిలవకపోతే మెట్‌ఫార్మిన్ ఆపాలి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, తిండి సరిగా పోని జ్వరంలో తప్పకుండా ఆపాలి. ఇవి వాడేవాళ్ళలో షుగర్ 200 దగ్గరే కనబడుతూ లోపల కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది, మీటరు చూసి అంతా బాగుందనుకుంటాం. గ్లిమెపిరైడ్ ఉంటే దీనికి ఎదురు బాధ, తినకుండా వేసుకుంటే షుగర్ పడిపోతుంది. మీ ఇంట్లో స్ట్రిప్పులు తెచ్చి వెనకున్న పేర్లు ఈ రోజే చదవండి, జ్వరం వచ్చిన రాత్రి కాదు.

తిండికి జావ, పల్చటి పెరుగన్నం, చారన్నం, ఏదో ఒకటి కొంచెం కొంచెం. గ్లాసుల కొద్దీ నీళ్ళు లేదా పల్చటి మజ్జిగ, గుండె, కిడ్నీ సమస్యతో నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు తప్ప. నీరసంగా ఉందని గ్లూకోజ్ పొడి కలిపి ఇచ్చేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు, షుగర్ 300 ఉన్న మనిషికి! షుగర్ నాలుగు గంటలకోసారి చూడండి. వరసగా రెండుసార్లు 300 దాటినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా లోతుగా వస్తున్నా, మాట తడబడుతున్నా ఇంట్లో పథ్యాలు ఆపి ఆటో పిలవండి. ఇంకొకటి, ఇలాంటి మనిషికి ఫ్లూ అనిపిస్తే మొదటి 48 గంటల్లోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఒసెల్టామివిర్ అనే మందు ఎక్కువ పనిచేసేది ఆ రెండు రోజుల్లోనే. "మూడు రోజులు చూద్దాం" అన్న మన అలవాటు సరిగ్గా ఆ గడువుని తినేస్తుంది.

ప్రశ్న: మా ఊరి ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ వేస్తే దగ్గు జ్వరం సాయంత్రానికే తగ్గింది. మర్నాడు షుగర్ 450. ఆ సూదే కారణమా? – నల్గొండ జిల్లా పాఠకుడు

జవాబు: సీసా మీద పేరు చూడలేదు కాబట్టి ఒట్టేసి చెప్పలేను గానీ, సాయంత్రానికే హాయిగా చేసి మర్నాడు షుగర్‌ని 450కి తీసుకెళ్ళే సూది అంటే నా అనుమానం డెక్సామెథాసోన్ మీదే, ఊళ్ళలో డెక్సా అంటారు. స్టెరాయిడ్. ఒక్క డోసు పనే ఒకటిన్నర రోజుకి పైగా ఉంటుంది. జ్వరం తగ్గినట్టు, ఒళ్ళు తేలికైనట్టు అనిపిస్తుంది, వైరస్ మాత్రం ఎక్కడికీ పోదు. అసలే షుగరు, దాని మీద బొజ్జ, దాని మీద జ్వరం, దాని మీద ఈ సూది. కోతి కల్లు తాగాక తేలు కుట్టిందన్న సామెత గుర్తొస్తుంది.

డెక్సా చెడ్డ మందు కాదు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల్లో చావుల్ని మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్ళకి మాత్రం మేలు ఏమీ కనబడలేదు. ఆ రెండో వాక్యం మన దాకా రాలేదు. 2021 మే నెల గుర్తుందా, బ్లాక్ ఫంగస్? అధిక షుగరూ, అవసరం లేకుండా, ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్లూ కలిసిన చోట అది పుట్టింది. తెలంగాణ దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. కోవిడ్ నుంచి బయటపడి, కన్నో పై దవడో పోగొట్టుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. ఈసారి సూది వేసే ముందు "ఇది స్టెరాయిడా? నాకు షుగర్ ఉంది" అని అడగండి. మొహమాటపడొద్దు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. ఇక్కడ ప్రతి ఏడాదీ ఫ్లూ షాట్ తీసుకుంటాం. గుంటూరులో ఉన్న మా అమ్మానాన్నలకి, ఇద్దరికీ షుగరూ బరువూ ఉన్నాయి, వేయించమంటే "అవన్నీ అమెరికా వాళ్ళకిరా" అంటున్నారు. లావుగా ఉన్నవాళ్ళకి టీకా పనిచేయదని కూడా ఎవరో చెప్పారట.

జవాబు: ఆ ఎవరో చెప్పిన దాంట్లో పావు వంతు నిజం ఉంది, అదే చిక్కు. నార్త్ కరోలినాలో టీకా తీసుకున్న పెద్దవాళ్ళని గమనించి 2017లో ఒక పేపర్ వేశారు. టీకా వేసుకున్నా ఊబకాయులకి ఫ్లూ లేదా ఫ్లూ లాంటి జబ్బు వచ్చే అవకాశం మామూలు బరువువాళ్ళ కంటే రెండింతలు ఉంది. యాంటీబాడీలు బాగానే తయారైనా అలా జరిగింది. అంటే వాళ్ళకి ఆ గొడుగు కాస్త చిన్నది. చిన్న గొడుగని వానలో పారేస్తామా?

మన రాష్ట్రాల్లో ఫ్లూ ఎక్కువగా వానలతో వస్తుంది, చలికాలం చివర జనవరి నుంచి మార్చి మధ్య ఇంకోసారి తల ఎత్తుతుంది. కాబట్టి అమెరికాలో లాగా అక్టోబరు దాకా ఆగకుండా, వానలు మొదలయ్యే ముందే వేయించండి. పని మొదలవడానికి రెండు వారాలు పడుతుంది. ఏడాదికోసారి. దాంతో పాటు న్యుమోకోకల్ టీకా గురించి అడగండి, వైరస్ వెనకాల వచ్చే న్యుమోనియాకి అది అడ్డం. ఇది ప్రతి ఏడాదీ అక్కర్లేదు. చేయి బాగా లావుగా ఉంటే మామూలు పొట్టి సూది కొవ్వులోనే ఆగిపోతుంది, పొడవు సూది వాడమని నర్సుకి చెప్పండి. ఇది చాలా చోట్ల పట్టించుకోరు.

మీ నాన్నగారిని ఒప్పించే మార్గం నా దగ్గర లేదు. మనవడి చేత ఫోన్ చేయిస్తే పనవుతుందని విన్నాను.

ప్రశ్న: వయసు 34, 104 కేజీలు, ఐదు పది హైట్. ప్రీడయాబెటిస్ (షుగర్ వచ్చే ముందు దశ) అన్నారు. వారానికోసారి వేసుకునే వెయిట్ లాస్ ఇంజెక్షన్ మొదలుపెడదామనుకుంటున్నా. దాని వల్ల ఇలాంటి ఇన్‌ఫెక్షన్ల రిస్క్ తగ్గుతుందా? ఐసీయూలో లావుగా ఉన్నవాళ్ళే ఎక్కువగా బతుకుతారని ఆన్‌లైన్‌లో చదివా, అది నిజమా? – గచ్చిబౌలి, హైదరాబాద్

జవాబు: రెండోది ముందు. ఐసీయూ దాకా చేరినవాళ్ళని మాత్రమే లెక్కేస్తే కొన్ని పరిశోధనల్లో అలా కనబడిన మాట నిజమే. లావుగా ఉన్నవాళ్ళు చిన్న వయసులోనే అక్కడికి చేరుతున్నారు, పక్క మంచంలో ఉన్న సన్నటి మనిషి ఎనభై ఏళ్ళ వాడో, క్యాన్సర్ ఉన్నవాడో. ఆ పోలికలోంచి మీకు ధైర్యం తెచ్చుకోకండి. మీ వయసులో ఐసీయూ గుమ్మం తొక్కకుండా ఉండడమే లెక్క.

మొదటిదానికి మంచి ఆధారమే ఉంది. మీరన్న వారపు ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద సెలెక్ట్ అనే ట్రయల్‌లో గుండె జబ్బు ఉండి, బరువు ఎక్కువై, షుగర్ లేని 17,604 మంది ఉన్నారు. ట్రయల్ మధ్యలో కోవిడ్ వచ్చిపడింది. ఇంజెక్షన్ వేసుకున్నవాళ్ళకీ, మందు లేని ఉత్త సూది పడ్డవాళ్ళకీ కోవిడ్ సమానంగానే సోకింది, కోవిడ్ చావులు మాత్రం మందు వేసుకున్నవాళ్ళలో 43, ఉత్త సూది వాళ్ళలో 65. అంతకుముందే క్లీవ్‌లాండ్‌లో, బరువు తగ్గే ఆపరేషన్ ఎప్పుడో చేయించుకున్నవాళ్ళకి కోవిడ్ వస్తే ఆక్సిజన్ అవసరం 63 శాతం తక్కువ పడిందని చూశారు. అంటే బరువు తగ్గితే వైరస్ రాకుండా పోదు, వచ్చినప్పుడు అంత ముదరదు. అయితే మీకు గుండె జబ్బు లేదు, వాళ్ళంతా ఉన్నవాళ్ళు. ఆ అంకెల్ని యథాతథంగా మీకు అంటించలేను. ఇంజెక్షన్ డాక్టర్ చేతిలోనే మొదలుపెట్టండి, మానేస్తే బరువు తిరిగొస్తుందని ముందే తెలుసుకుని దిగండి.

ప్రశ్న: ఆక్సీమీటర్ ఏ వేలికి పెట్టాలి? మా ఆవిడకి ఒక వేలికి 97, ఇంకో వేలికి 89 చూపిస్తోంది. – రాజమండ్రి

జవాబు: గోరింటాకో గోళ్ళ రంగో ఉండుంటుంది, ముదురు రంగు ఉన్న గోటి మీద అంకె తప్పు చూపొచ్చు. రంగు లేని వేలు, చూపుడు వేలో మధ్య వేలో. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టి, కూర్చోబెట్టి, అంకె నిలకడగా ఉండేదాకా నిమిషం ఆగండి. షుగరూ బరువూ ఉన్న మనిషైతే కూర్చున్నప్పటి అంకెతో ఆగకుండా ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్ళీ చూడండి. 94 కంటే కిందికి వచ్చినా, నడిచాక నాలుగు అంకెలు పడినా ఆసుపత్రికి బయల్దేరాలి. కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువుంటే, ఆయాసంగా ఉంటే అసలు నడిపించకండి, తిన్నగా తీసుకెళ్ళండి. అన్ని వేళ్ళకీ గోరింటాకే ఉంటే కాలి వేలికి పెట్టి చూడండి, అక్కడా ఉంటే అంకె నమ్మకుండా మనిషిని చూడండి. ఒక్క వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా పూర్తిగా మాట్లాడలేకపోతున్నారంటే ఇక మెషిన్‌తో పని లేదు.